అక్షరం మారదు, గుర్తు మారుతుంది
కష్టకాలంలో మన ఒంట్లోని కణం నేర్పే పాఠం



వార్షిక సంచికలో మీరు ముందుగా చూసేవి జమాఖర్చుల పట్టిక, సాయం అందుకున్న పిల్లల ఫోటోలు. చూడవలసినవే. వాటి మధ్య ఈసారి ఒక విజ్ఞాన పాఠం పెడుతున్నాం. దానికి కారణం ఒక దాత అడిగిన ప్రశ్న. "బీఎస్సీలో బయోటెక్నాలజీ చదివే ఒక్క పిల్లకు మూడేళ్లు ఫీజు కట్టే బదులు, ఆ డబ్బుతో నలుగురు ఆడవాళ్లకు కుట్టు మిషన్లు కొనిస్తే నాలుగు ఇళ్లు నిలబడవా? ఆ చదువు ఎవరికి అన్నం పెడుతుంది?" అని ఆయన అడిగారు. అడగదగిన ప్రశ్నే. అది ఆయన చెమటోడ్చి సంపాదించిన డబ్బు. ముక్తసరి జవాబుతో సరిపెట్టడం మర్యాద కాదనిపించింది.

అందుకే ఆ పిల్లలు చదివే పాఠాల్లోంచి ఒకదాన్ని తీసుకుని, అది మన తెనాలి, బాపట్ల, రేపల్లె జీవితాల్లోకి ఎలా వస్తుందో చెప్పే ప్రయత్నం చేస్తున్నాం. పాఠం పేరు వినడానికి బరువుగా ఉంటుంది: ఆర్‌ఎన్‌ఏ మీద రసాయన గుర్తులు, ఒత్తిడిలో కణం నడవడిక. విషయం మాత్రం అందరికీ తెలిసినదే. కష్టం వచ్చినప్పుడు దేన్ని ఆపాలి, దేన్ని ఆపకూడదు?

బీరువాలో దస్తావేజు, చేతిలో నకలు

మన ఒళ్లు కోటానుకోట్ల కణాలతో కట్టిన ఇల్లు. ప్రతి కణంలో (ఎర్ర రక్తకణాల వంటి కొన్ని తప్ప) కేంద్రకం అనే గది ఉంటుంది. ఆ గదిలో భద్రంగా ఉండేది డీఎన్‌ఏ. తల్లిదండ్రుల నుంచి వచ్చిన అసలు దస్తావేజు అది. అసలు దస్తావేజును ఎవరూ రోజూ చేతిలో పట్టుకు తిరగరు. బీరువాలో పెట్టి తాళం వేసి, పని పడినప్పుడు కావలసిన పేజీకి నకలు తీయించుకుంటారు. కణం కూడా అలాగే చేస్తుంది. అది తీసే నకలు పేరే ఆర్‌ఎన్‌ఏ.

ఆ నకలు కేంద్రకం దాటి బయటికి వస్తుంది. బయట రైబోజోములనే చిన్న కార్ఖానాలుంటాయి. అవి నకలును చదివి, అందులో ఉన్న ప్రకారం ప్రోటీన్లు తయారు చేస్తాయి. కండరం, ఎంజైమ్, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్, ఇవన్నీ ప్రోటీన్లే. పని పూర్తయ్యాక నకలును కణమే ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్లీ వాడుకుంటుంది.

ఆర్‌ఎన్‌ఏ రాత నాలుగు అక్షరాలతోనే సాగుతుంది: ఎ, యు, జి, సి. నాలుగే అక్షరాలు కదా, చదివేస్తే అయిపోతుందని చాలాకాలం అనుకున్నారు. కానీ ఆ అక్షరాల మీద చిన్న చిన్న గుర్తులు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఆగుము, ఆగకుము

ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్న ప్రతి పిల్లవాడికీ ఒక సంగతి తెలుసు. పంక్తి పైన అక్కడక్కడా చిన్న గుర్తులుంటాయి. 'మీమ్' కనిపిస్తే తప్పనిసరిగా ఆగాలి. 'లా' కనిపిస్తే అక్కడ ఆగకూడదు. 'జీమ్' ఉంటే ఆగినా, సాగినా తప్పు లేదు. ఇవి వక్ఫ్ గుర్తులు. పాఠంలో ఒక్క అక్షరం కూడా మారదు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగాలి అన్నది మాత్రం ఆ గుర్తులు చెబుతాయి.

ఆర్‌ఎన్‌ఏ మీద ఉండే రసాయన గుర్తుల పని కూడా చాలావరకు ఇలాంటిదే. పోలిక అర్థం కావడానికే చెబుతున్నాం, అంతకుమించి కాదు. అక్షరం అక్షరంగానే ఉంటుంది. దానికి ఒక చిన్న రసాయన ముక్క అతుక్కుంటుంది. దాన్ని బట్టి ఆ నకలును ఎక్కువ చదవాలా, తక్కువ చదవాలా, పక్కన పెట్టాలా, త్వరగా చింపెయ్యాలా అన్నది కణం నిర్ణయించుకుంటుంది.

ఇలాంటి గుర్తుల్లో మొదటిది, 'సూడోయూరిడిన్' అన్నది, 1951లో బయటపడింది. ఇప్పటికి అన్ని జీవుల్లోనూ కలిపి 170కి పైగా రకాలు తెలిశాయి. మన కణాల్లో నకళ్ల లోపల ఎక్కువగా కనిపించేది 1974లో దొరికింది. 'ఎ' అక్షరం మీద ఒక మిథైల్ ముక్క, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అతికితే వచ్చే గుర్తు అది. శాస్త్రవేత్తలు దాన్ని 'ఎం-6-ఎ' అంటారు.

దొరికింది కానీ, దాని పని ఏమిటో దాదాపు నలభై ఏళ్లు సరిగా తెలియలేదు. 2011లో ఒక ముఖ్యమైన సంగతి తేలింది. ఎఫ్‌టీఓ అనే ప్రోటీన్ ఆ గుర్తును చెరిపెయ్యగలదు. అంటే అది ఒకసారి పడితే పోని పచ్చబొట్టు కాదు, పెన్సిల్ గీత. కణంలో గుర్తు పెట్టేవాళ్లున్నారు, చెరిపేవాళ్లున్నారు, గుర్తును చూసి పని నడిపేవాళ్లున్నారు. ఆ మరుసటి ఏడాది, 2012లో, ఏ నకలు మీద ఎక్కడెక్కడ ఈ గుర్తులున్నాయో పటం గీశారు. వేల నకళ్ల మీద కనిపించాయి. అప్పటి నుంచి ఈ చదువు ప్రపంచమంతా ఊపందుకుంది.

ఎండ తగిలినప్పుడు

1960ల మొదట్లో ఇటలీలో ఫెరుచో రిటోసా అనే శాస్త్రవేత్త పండ్ల మీద వాలే చిన్న ఈగలతో పరిశోధన చేస్తున్నాడు. ఒకరోజు తోటి ఉద్యోగి ఎవరో ఇంక్యుబేటర్ వేడిని తెలియక పెంచేశారు. ఈగలు పాడైపోయాయని ఆయన వాటిని పారెయ్యలేదు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. కణాల్లో అంతకుముందు లేని చోట్ల డీఎన్‌ఏ ఉబ్బి ఉంది, అక్కడ కొత్త నకళ్లు ముమ్మరంగా తయారవుతున్నాయి. వేడి తగలగానే కణం కొన్ని ప్రత్యేకమైన పేజీలు తెరిచిందన్నమాట. దీన్ని ఒక పెద్ద పత్రికకు పంపితే ప్రాధాన్యం లేదని తిప్పి పంపారు. 1962లో మరో పత్రికలో వచ్చింది. ఈనాడు కణం ఒత్తిడిని ఎలా తట్టుకుంటుందన్న చదువంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

వేడి ఎక్కువైతే ప్రోటీన్లు తమ ఆకారం కోల్పోతాయి. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే గట్టిపడటం మనకు తెలుసు. కణంలో అంత దూరం పోకముందే జాగ్రత్త మొదలవుతుంది. మొదటి పని, మామూలు ప్రోటీన్ల తయారీని చాలావరకు ఆపడం. ఇల్లు అంటుకున్నప్పుడు కొత్త గదికి గోడలు కట్టరు కదా. వాడకంలో లేని నకళ్లలో చాలావాటిని కణం చింపెయ్యదు. గుంపులుగా చేర్చి పక్కన దాస్తుంది. ఆపద గడిచాక ఆ గుంపులు విడిపోతాయి, దాచిన నకళ్లలో చాలావి మళ్లీ పనిలోకి వస్తాయి.

రెండో పని, రక్షక ప్రోటీన్ల తయారీ. వంకర పోతున్న ప్రోటీన్లను సరిచేసేవి, సరికాని వాటిని తొలగించడానికి సాయపడేవి ఇవి. చిక్కు ఇక్కడే వస్తుంది. కార్ఖానాలన్నిటికీ 'ఆపండి' అని ఆజ్ఞ వెళ్లినప్పుడు, ఈ ఒక్క నకలు మాత్రం ఎలా చదవబడుతుంది?

2015లో వచ్చిన ఒక పరిశోధన దీనికి కొంత జవాబు చెప్పింది. వేడి తగిలినప్పుడు, రక్షక ప్రోటీన్ నకలు మొదటి భాగంలో పడ్డ ఎం-6-ఎ గుర్తును చెరగకుండా కాపాడటానికి ఒక ప్రోటీన్ కేంద్రకంలోకి చేరుతుంది. చెరిపే ఎఫ్‌టీఓను అడ్డుకుంటుంది. గుర్తు నిలిచిన ఆ నకలు, మామూలు దారి మూసుకుపోయినా వేరే దారిలో చదవబడుతుంది. అందరికీ 'ఆగుము' అన్న చోట, ఆ ఒక్క గుర్తు 'ఆగకుము' అంటుంది.

ఇంకో సంగతి. ముందు కొద్దిపాటి వేడి తగిలి, తర్వాత తీవ్రమైన వేడి వస్తే కణం తట్టుకుంటుంది. ఒక్కసారిగా తీవ్రమైన వేడి తగిలితే చనిపోవచ్చు. రక్షక ప్రోటీన్లు తయారు కావడానికి సమయం కావాలి. మనిషి ఒళ్లు కూడా ఎండకు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. చెమట పట్టే తీరు, రక్తప్రసరణ, ఒంట్లో నీరు, ఉప్పు నిలిపే తీరు ఆ రోజుల్లో మెల్లగా మారతాయి. అందుకే ఎండ పనిలో ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది కొత్తగా చేరిన మొదటి రోజుల్లో, వడగాడ్పు హఠాత్తుగా మొదలైన రోజుల్లో.

2015 మే నెల వడగాడ్పుల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇటుక బట్టీల దగ్గర, రోడ్డు పనుల్లో, మూటలు మోసే చోట ఉండేది ఎక్కువగా పేదవాళ్లే, మనవాళ్లూ అందులో ఉన్నారు. మన తీరంలో ఉక్కపోత కూడా తోడవుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అప్పుడు వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ, 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

కణం తన వంతు చేస్తుంది, దానికీ హద్దు ఉంది. ఆ హద్దు దాటకుండా చూడటం మన వంతు. చలివేంద్రం అంటే దాహం తీర్చే పుణ్యకార్యమే అనుకుంటాం. అది ప్రాణరక్షణ కూడా. ఎండ ముదిరాక మే నెలలో రిబ్బన్ కత్తిరించడం కంటే, మార్చిలోనే కుండలు పెట్టడం మేలు. మంచినీళ్లతోపాటు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉండాలి. కూలీలను పెట్టుకున్న మన వ్యాపారస్తులు కొత్తవాడికి మొదటి వారం పని తగ్గించి, మధ్యాహ్నం నీడనివ్వాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఉపవాసం గురించి కూడా చాలామంది అడుగుతారు. ఆహారం అందనప్పుడు కణం తన లోపలి పాత సరుకును తానే విడగొట్టి వాడుకుంటుంది. ఆ యంత్రాంగాన్ని ఈస్టు కణాల్లో విప్పి చూపిన జపాన్ శాస్త్రవేత్త యొషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆకలి కూడా ఒక ఒత్తిడే, దానికీ కణం దగ్గర ఏర్పాటు ఉంది. అంతవరకు నిజం. దాన్ని పట్టుకుని రోజా అన్ని జబ్బులకూ మందని ప్రచారం చెయ్యడం సరికాదు. రోజా ఆరాధన, చికిత్స కాదు. రోగికి, ప్రయాణికుడికి ధర్మమే వెసులుబాటు ఇచ్చింది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు రమజానుకు ముందే డాక్టరును అడగడం ఆ వెసులుబాటును గౌరవించడమే.

ఉప్పునీరు తగిలిన వరి

మొక్కకు కాళ్లు లేవు. ఎండ వచ్చినా, ఉప్పునీరు వచ్చినా నిలబడిన చోటే తట్టుకోవాలి. 1977 నవంబరు 19 ఉప్పెనను మన పెద్దలు ఇంకా తలుచుకుంటారు. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన రోజది. మనుషుల్ని, పశువుల్ని తీసుకుపోవడంతో ఆగలేదు, నేలలో ఉప్పు వదిలి వెళ్లింది. రేపల్లె, నిజాంపట్నం వైపు తీరభూముల్లో రైతుకు ఉప్పు బాధ కొత్తదేమీ కాదు.

అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఉంది. ఆవాల కుటుంబానిదే. దానిలో ఎం-6-ఎ గుర్తులు పెట్టే యంత్రాంగాన్ని దెబ్బతీస్తే ఉప్పును తట్టుకునే శక్తి తగ్గిందని పరిశోధకులు చూపారు. గుర్తులు సరిగా ఉన్న మొక్క ఉప్పులో నిలబడింది, లేనిది వాడింది. డీఎన్‌ఏలో ఉప్పును తట్టుకునే పేజీలు ఉంటే చాలదు, వాటి నకళ్ల మీద గుర్తులు కూడా సరిగా పడాలన్నమాట.

వరి దగ్గరకు వస్తే, 2021లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి ఒక సాహసం చేశారు. గుర్తులు చెరిపే ఎఫ్‌టీఓ ప్రోటీన్‌కు సంబంధించిన మనిషి జన్యువును వరిలోనూ, బంగాళాదుంపలోనూ పెట్టారు. పొలంలో చేసిన పరీక్షల్లో దిగుబడి సుమారు 50 శాతం పెరిగింది. వేళ్లు లోతుకు పోయాయి, నీటి ఎద్దడిని తట్టుకునే శక్తి పెరిగింది. ఇవి పరిశోధన మళ్లలోని ఫలితాలు. ఆ విత్తనం మన పొలాలకు రాలేదు. మనిషి జన్యువు ఉన్న పంటపై ధర్మపరంగా, చట్టపరంగా, ఆరోగ్యపరంగా అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఆ పరిశోధకులు కూడా ముందుచూపుతో చెప్పే మాట, మొక్కలోనే ఉన్న యంత్రాంగాన్ని సర్దడం నేర్చుకోవాలన్నది.

ఈ పని ఎక్కడో జరిగేదని అనుకోవద్దు. దేశమంతా తినే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, మన బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైంది. బీపీటీ అంటేనే బాపట్ల. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. ఆ సాంబ మసూరికి ఎండాకు తెగులు బెడద ఉంటే, హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి తెగులును తట్టుకునే రకాన్ని తయారు చేశాయి. అది 2008లో వచ్చింది. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణతో చేసిన రెండు వరి రకాలు ప్రకటించింది. ఒకదానికి మూలం మన సాంబ మసూరి. రెండోది మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010 నుంచి వచ్చింది, కరువును, ఉప్పును తట్టుకోవడం కోసం చేసినది. అవి అసలు దస్తావేజులోనే దిద్దుబాట్లు. నకలు మీది గుర్తులను సర్దే విద్య ఇంకా ముందుంది. దాన్ని నేర్చే పిల్లల్లో మన పిల్లలు ఉండాలా, వద్దా అన్నదే మన ముందున్న ప్రశ్న.

మనవాడా, పరాయివాడా

గుర్తుల విలువ ప్రపంచానికి బాగా తెలిసింది కోవిడ్ కాలంలో. ప్రయోగశాలలో తయారైన ఆర్‌ఎన్‌ఏను కణానికి ఎక్కిస్తే, కణం దాన్ని వైరస్ అనుకుని గగ్గోలు పెట్టేది. వాపు వచ్చేది. మన సొంత ఆర్‌ఎన్‌ఏను చూసి అలా చెయ్యదెందుకు? మన ఆర్‌ఎన్‌ఏ నిండా గుర్తులున్నాయి, ప్రయోగశాలలోని దానికి లేవు. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో ఈ తేడాను పట్టుకున్నారు. సూడోయూరిడిన్ వంటి గుర్తులున్న అక్షరాలతో ఆర్‌ఎన్‌ఏ చేస్తే కణం శాంతంగా తీసుకుంది. పదిహేనేళ్ల తర్వాత ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు దాని మీదే నిలబడ్డాయి. 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మనలో ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాక్సిన్ ఈ రకం కావు. కానీ లక్షలమంది ప్రాణాలు కాపాడిన ఆ టీకాల వెనక 1951లో 'ఎవరికి అన్నం పెడుతుంది' అనిపించే ఒక చిన్న గుర్తు ఉంది. కరికో గారికి కూడా చాలా ఏళ్లు పరిశోధనకు నిధులు దొరకలేదు.

ఆ గుర్తు దేనితో తయారవుతుంది?

ఇక మన దాత ప్రశ్నకు అసలు జవాబు. ఎం-6-ఎ గుర్తుకు కావలసిన మిథైల్ ముక్కను కణానికి అందించేది 'శామ్' అనే పదార్థం. మన తిండిలోని మిథియోనిన్, కణంలో శక్తిని మోసే ఏటీపీ కలిస్తే శామ్ తయారవుతుంది. మిథైల్ ఇచ్చేశాక మిథియోనిన్ మళ్లీ సిద్ధం కావాలంటే ఫోలిక్ ఆమ్ల కుటుంబానికి చెందిన ఫోలేట్, బీ-12 విటమిన్ సాయపడతాయి. ఆకుకూరలు, పప్పులు, శనగలు, కాలేయం ఫోలేట్ ఉండే ఆహారాలు.

ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం. ఈ రెండింటి చరిత్రలోనూ ఒకే తెలుగువాడి పేరు కనిపిస్తుంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుణ్ణి బలి తీసుకుంది, ఆయననూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు.

పైచదువుకు అమెరికా వెళ్లాలి, చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత పోగుచేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. రంగూన్‌లో సంపాదించిన సత్యలింగ నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపోయిన మనిషి. ఆ అండతో సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదువుకున్నారు. 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. తర్వాత లెడర్లే ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చెయ్యగలిగింది. స్ప్రూ జబ్బుకు, ఒక రకం రక్తహీనతకు అది మందయింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సకు దారి తీశాయి. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం నుంచి వచ్చినదే. 1948లో, 53వ ఏట కన్నుమూశారు.

ధర్మసంస్థ తన ఊళ్లోనే నాలుగు పూటల అన్నదానం చేసి ఊరుకుని ఉండవచ్చు. అదీ మంచిదే. కానీ మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఒక కుర్రవాడి మీద పెట్టిన నమ్మకం నూరేళ్ల తర్వాత కూడా, మన పీహెచ్‌సీలో గర్భిణికి ఇచ్చే మాత్రలో ఫలిస్తోంది. శామ్ కనుగొన్నది ఆయన చనిపోయాక, 1952లో. ఆర్‌ఎన్‌ఏ మీద ఎం-6-ఎ గుర్తు దొరికింది 1974లో. తన పని ఎంత దూరం పోతుందో ఆయనకూ తెలియదు, డబ్బు ఇచ్చినవారికీ తెలియదు.

నికాహ్ సాయంతోపాటు ఒక మాత్ర

ఈ పాఠంలో అన్నిటికంటే తొందరగా ఆచరించదగినది ఇది. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే బిడ్డ మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం మూసుకోవాలి. మూసుకోకపోతే వెన్ను తెరుచుకున్న బిడ్డ పుడుతుంది, లేదా బతకదు. చాలామంది ఆడపిల్లలకు తాము గర్భవతులమని తెలిసేసరికే ఆ గడువు దాటిపోతుంది. 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో ముగిసిన పెద్ద పరీక్షలో, అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది.

కాబట్టి మాత్ర గర్భం వచ్చాక మొదలుపెడితే ఆలస్యం. పెళ్లయి బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. మూర్ఛ మందులు వాడేవారు, ముందు ఇలాంటి కాన్పు అయినవారు డాక్టరును అడిగి మోతాదు నిర్ణయించుకోవాలి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఐరన్, ఫోలిక్ కలిసిన మాత్రలు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. ఆశా కార్యకర్తను అడిగితే చాలు.

పేద ఆడపిల్లల నికాహ్‌కు బట్టలు, సామాను, వలీమా ఖర్చు ఇచ్చే దాతలు మనలో ఉన్నారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ఇవ్వాలి. ఆ సామానుతోపాటు ఒక హిమోగ్లోబిన్ పరీక్ష, ఫోలిక్ మాత్రల డబ్బా, తెలుగులో, ఉర్దూలో ఒక చిన్న చీటీ పెడదామని మా మనవి. అది బీరువా, మంచం కంటే చవక. ఒక ఇంటికి జీవితాంతం మిగిలిపోయే దుఃఖాన్ని ఆపగలదు.

ఆపడం అంటే పోగొట్టుకోవడం కాదు

మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాం. కుట్టు మిషనా, కాలేజీ ఫీజా? రెండూ కావాలి. కణం కూడా ఆపదలో ఒక్క పనితోనే సరిపెట్టదు. ఇప్పటి ప్రాణం నిలిపే పని ఆపకుండా చేస్తుంది, రేపటికి కావలసిన నకళ్లను చింపకుండా దాస్తుంది. కుట్టు మిషన్ ఈ పూట ఇంటిని నిలబెడుతుంది. చదువు రేపటి నకలు. చేతిలో డబ్బు తక్కువైన ఏడాది చదువును పూర్తిగా చింపేసే సంఘం, ఆపద గడిచాక మళ్లీ మొదలుపెట్టడానికి ఏమీ మిగుల్చుకోదు. జకాత్ దేనికి వాడాలో, సదఖా దేనికి వాడాలో ఉలమాలు చెప్పినట్టే చేద్దాం. ఇచ్చే ఫీజు మాత్రం మొదటి ఏడాదితో ఆపేయవద్దని కోరుతున్నాం. ఒక సబ్జెక్టు తప్పిన పిల్లను జాబితా నుంచి తీసెయ్యకుండా ఇంకో అవకాశం ఇద్దాం.

చివరిగా ఒక మాట. పారాయణంలో ఆగే గుర్తునూ 'వక్ఫ్' అంటాం, ధర్మానికి రాసిచ్చిన ఆస్తినీ 'వక్ఫ్' అంటాం. అరబ్బీలో రెండింటికీ మూలం ఒకటే: ఆగడం, ఆపడం. ఆస్తి అమ్మకం ఆగిపోతుంది. దాని మేలు ఆగకుండా సాగుతుంది. ఆపవలసినదాన్ని ఆపి, ఆపకూడనిదాన్ని సాగించే తెలివిని కంటికి కనిపించని కణంలోనూ పెట్టిన సృష్టికర్త, మన దానాల్లోనూ ఆ తెలివిని ప్రసాదించాలని, ఈ ఏడాది మనతో చెయ్యి కలిపిన దాతలందరి ఆరోగ్యంలో, రాబడిలో బర్కత్ ఇవ్వాలని దువా చేస్తున్నాం. ఆమీన్.